పని పడి చేసుకున్న స్నేహం

ఈ వారం సుందరకాండ వీడియో ఎడిట్ చేస్తూ ఒకచోట ఆగిపోయాను. హనుమ శింశుపా వృక్షం మీద ఉన్నాడు, కింద సీతమ్మ. సముద్రం దాటొచ్చినవాడికి అప్పుడు పట్టుకున్న బెంగ ఏంటో తెలుసా? ఏ భాషలో మాట్లాడాలా అని! సంస్కృతంలో మొదలుపెడితే అమ్మ తనని రావణుడనుకుని భయపడుతుందేమోనని, మామూలు మనుషుల మాటలోనే చెప్పాలని నిర్ణయించుకుంటాడు. అంటే ఒక పని మీద వచ్చి, ఎదుటి మనిషి నమ్మకం కోసం భాషను ఎంచుకున్నాడు. అందులో మనకు తప్పేమీ కనిపించదు.

ఇంకొకరు మన దగ్గరికొచ్చి ఇదే పని చేస్తే మాత్రం గుచ్చుకుంటుంది. ఎందుకు?

నాది నల్లగొండ. 1890లో మా ఊరికి అబ్రహాం ఫ్రీజెన్ అనే ఆయన వచ్చి మిషన్ పెట్టారు. ఇప్పటి ఉక్రెయిన్ ప్రాంతంలోని మెన్నొనైట్ అనే క్రైస్తవ శాఖకు చెందినవారు. ఇంటి భాష జర్మన్ యాస, పనిచేసింది అమెరికన్ బాప్టిస్టుల తరఫున, ఉన్నది నిజాం రాజ్యంలో. వీటిలో ఏదీ పల్లెల్లో అక్కరకు రాదు, తెలుగు నేర్చుకుంటేనే పని. తర్వాత అటు పాలమూరు వైపు నాగర్‌కర్నూల్, వనపర్తి, ఇటు దేవరకొండ దాకా అమెరికా నుంచి వచ్చిన మెన్నొనైట్లు స్థిరపడ్డారు. డాక్టర్ కాథరీనా షెల్లెన్‌బర్గ్ 1907లో వచ్చి ఇక్కడే వైద్యం చేస్తూ 1945లో శంషాబాద్‌లో కన్నుమూశారు.

వీళ్లంతా వచ్చింది మతం చెప్పడానికే. ఆ విషయం వాళ్లు దాచలేదు కూడా. మరి మన భాష నేర్చుకుని, మన ఇళ్లకొచ్చి, పేరు పెట్టి పలకరించిన ఆ చనువు స్నేహమేనా?

కాదని చాలాకాలం గట్టిగా అనుకున్నాను. దానికి నా కారణం నాకుంది. ఇంజినీరింగ్‌లో ఒక ఫ్రెండ్ ఉండేవాడు. జ్వరమొస్తే టిఫిన్ తెచ్చేవాడు, సప్లీలకు కలిసి చదివాం. ఫైనలియర్‌లో వాళ్ల ప్రార్థనకు రమ్మన్నాడు. రెండుసార్లు వెళ్లాను. మూడోసారి, "నాకు నా రాముడు చాలురా, ఏమనుకోకు" అన్నాను. ఏమీ అనుకోలేదు. ఫోన్ మాత్రం తగ్గింది, తర్వాత ఆగిపోయింది. మతం గురించి కాదు నా బాధ. ఆ టిఫిన్ నా కోసమా, నా జవాబు కోసమా అన్నది ఇప్పటికీ తేలలేదు.

ఇక నా సంగతి. రెండేళ్లుగా జపనీస్ నేర్చుకుంటున్నాను, ప్రాజెక్టు కోసం. క్రియ మనలాగే వాక్యం చివర వస్తుంది కాబట్టి తెలుగువాళ్లకు వాక్యం కట్టడం తేలికే, లిపి మాత్రం ప్రాణం తీస్తుంది. ఒసాకా ఆఫీసులో నా వయసాయన ఒకరున్నారు. ఆయనకు బేస్‌బాల్ ఇష్టమని తెలిసి, నాకు ముక్క అర్థం కాని ఆ ఆట స్కోర్లు చూసుకుని మరీ కాల్‌లో మాట కలిపేవాణ్ని. పైకి చెప్పే మాటని వాళ్లు 'తాతెమాయె' అంటారు, లోపలున్నదాన్ని 'హొన్నె' అంటారు. ఆ రెండు మాటలు నేర్చుకున్న రోజు కొంచెం సిగ్గేసింది. నా ఫ్రెండ్ మీద ఇన్నేళ్లు మోసిన ఫిర్యాదులో నేనూ ఉన్నాను.

కాబట్టి ఉద్దేశం ఉండటమే తప్పనలేను. రాముడికీ సుగ్రీవుడికీ అగ్నిసాక్షిగా స్నేహం కుదిరినప్పుడు ఇద్దరికీ పనులున్నాయి. చిక్కు ఎక్కడొచ్చింది? వాలి పోయి, రాజ్యం చేతికొచ్చాక. వానాకాలమంతా గడిచినా సుగ్రీవుడికి ఇచ్చిన మాట గుర్తురాలేదు, లక్ష్మణుడు కోపంగా వచ్చేదాకా. పనిబడి దగ్గరికి రావడంలో కాదు, పని అయ్యాక ఏం చేశాడన్న దగ్గరే మనం సుగ్రీవుణ్ని నిలదీస్తాం.

ఇంకో సంగతి కూడా చూడాలి. వచ్చినవాడు చెప్పడానికే వచ్చాడా, వినడానికి కూడానా? పాల్ హీబర్ట్ 1932లో మిషనరీల ఇంట్లో, శంషాబాద్‌లో పుట్టారు. తనూ మిషనరీగా పనిచేసి, తర్వాత మానవశాస్త్రవేత్త అయ్యారు. దక్షిణ తెలంగాణ పల్లె జీవితం మీద ఆయన రాసిన 'కొండూరు' 1971లో అచ్చయింది. 1982లో ఒక వ్యాసంలో నిజాయితీగా ఒక మాట ఒప్పుకున్నారు. పైన దేవుడు, కింద సైన్సు అని నేర్చుకుని వచ్చిన తనలాంటివాళ్ల దగ్గర, పల్లె జనం అడిగే గ్రామదేవతల గురించి, దిష్టి గురించి, గాలి సోకడం గురించి జవాబే లేదని. ఆయన మన దారికి రాలేదు, విశ్వాసం వదల్లేదు. కానీ ఆ ప్రశ్నలు ఆయన్ని కదిలించాయి. నేర్పడానికి వచ్చినవాడు నేర్చుకుని వెళ్లాడు. అది ఉత్త నటన అని నేను అనలేను.

ఇదంతా నాయనమ్మకు చెప్పాను, మెచ్చుకుంటుందేమోనని. ఆమె తాపీగా, "వాళ్లు ఎందుకొచ్చిండ్రో అందరికెరుకే బిడ్డ. గని ఆ వాడకు పోయి మంచంల కూసున్నరు. మనం ఎన్నడన్న కూసున్నమా?" అంది.

ఆ వాడ అంటే మాల, మాదిగల వాడ. మిషన్‌లో చేరినవాళ్లలో ఎక్కువమంది వాళ్లే. మాకు వాళ్ల భాష కొత్తగా నేర్చుకునే పని లేదు, అదే తెలుగు. దారి కూడా వంద అడుగులే. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేక, తల దించుకుని అన్నం తిన్నాను.

పోయిన నెల ప్రాజెక్టు అయిపోయింది. ఒసాకా ఆయనతో ఇక నాకే పనీ లేదు. మూడు వారాలు నేనూ మెసేజ్ పెట్టలేదు. మొన్న నల్లగొండ వెళ్తే చాలా రోజులకు గట్టి వాన పడింది. వానని జపనీస్‌లో 'అమె' అంటారు. మా ఊళ్లో అమె పడుతోందని, ఫొటో తీసి పంపాను. బేస్‌బాల్ గురించి ఏమీ రాయలేదు.