మన వెలుగు ఎదుటివారికి చీకటి కారాదు

రాత్రివేళ రోడ్డు మీద ఎదురుగా వచ్చే వాహనం దీపాలకు కళ్ళు బైర్లు కమ్మడం మనందరికీ అనుభవమే. రోడ్డు అంచు ఎక్కడుందో, పక్కన నడిచే మనిషి ఎక్కడున్నాడో తెలియదు. ఆ డ్రైవరును తిట్టుకుంటూ ముందుకు సాగిపోతాం. మరి మన బండికి మనం ఎలాంటి బల్బు వేయించాం? ఈ ప్రశ్న మనలో ఎంతమంది వేసుకుంటున్నాం?

"రోడ్డు మీద గుంటలు కనబడవు, గేదెలు అడ్డం వస్తాయి. మా ప్రాణాలు మేం కాపాడుకోవద్దా?" అంటారు కొందరు. ప్రాణరక్షణ మన బాధ్యతే, సందేహం లేదు. కాని అందుకోసం మరొకరి ప్రాణాన్ని ప్రమాదంలోకి నెట్టే హక్కు మనకుందా?

చాలా కార్లలో వాడే హెచ్ 4 హాలోజన్ బల్బు 60/55 వాట్లది. దాని స్థానంలో 100/90 వాట్ల బల్బులు, ఎల్‌ఇడి బల్బులు వేయిస్తుంటారు. హెడ్‌లైటులోని రిఫ్లెక్టరును ఫిలమెంటు ఉండే చోటును బట్టి తయారు చేస్తారు. వెలుగు పుట్టే చోటు మారితే అది రోడ్డు మీద సరిగా పడక చెదిరి, ఎదుటివారి కళ్ళలో పడుతుంది. పైగా 12 వోల్టుల బండిలో 55 వాట్లకు బదులు 90 వాట్లు వాడితే, కరెంటు నాలుగున్నర ఆంపియర్ల నుండి ఏడున్నర ఆంపియర్లకు పెరుగుతుంది. వైర్లు, హోల్డర్లు వేడెక్కి కరిగే ప్రమాదముంది.

గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వచ్చే వాహనం రెండు సెకన్లలో 33 మీటర్లు దాటుతుంది. ఆ రెండు సెకన్లు దాన్ని నడిపే వ్యక్తికి ఏమీ కనబడకపోతే? అతను వస్తున్నది మన వైపే కదా!

చట్టం కూడా ఈ సంగతిని పట్టించుకుంది. దీపానికి 8 మీటర్ల దూరంలో, 1.5 మీటర్ల ఎత్తులో కళ్ళున్న మనిషికి మిరుమిట్లు గొలపకుండా వెలుగు కిందికి వంగి ఉండాలి, లేదా డ్రైవరు దాన్ని వంచగలిగేలా ఉండాలి. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనలలో 106వది చెప్పేది ఇదే. 2019లో సవరించిన చట్టం ప్రకారం, అనుమతి లేని మార్పులు చేయించిన యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గాని, ఆరు నెలల వరకు జైలు గాని, రెండూ గాని పడవచ్చు.

పోలీసులు పట్టుకోకపోవచ్చు. కాని ఇది దాసుల హక్కుల విషయం. మనిషికి అన్యాయం చేస్తే ఆ మనిషినే క్షమాపణ అడగాలి. మన దీపాల వల్ల కళ్ళు చెదిరి కాలువలో పడిన సైకిలు మనిషిని ఎక్కడని వెతుకుతాం? అతను పడ్డాడన్న సంగతే మనకు తెలియదు!

"అందరూ వేయించుకున్నారు, మేం వేయించుకుంటే తప్పేమిటి?" అనే వాదన కూడా నిలవదు. అందరూ వెలుగు పెంచుకుంటూ పోతే చివరికి ఎవరికీ దారి కనబడదు.

వెలుగు చాలకపోతే ధర్మబద్ధమైన మార్గాలున్నాయి. మసకబారిన అద్దాలు శుభ్రం చేయించాలి. పాత బల్బులు రెండూ తీసి, కంపెనీ చెప్పిన వాట్లవే వేయించాలి. దీపాల ఎత్తు సరిచేయించాలి. ఎదుట వాహనం కనబడగానే డిమ్ చేయాలి. దీపం వెలుగు ఎంతవరకు పడుతుందో, అంతలోపు ఆపగలిగే వేగంతోనే నడపాలి.

దారిలోని ముల్లు తీసివేయడం పుణ్యకార్యమని మన పిల్లలకు చెబుతాం. మరి ఆ దారిన వచ్చేవారి కళ్ళకు హాని కలగకుండా చూడటం కూడా ఆ పుణ్యంలో భాగమేనని ముందుగా మనం గ్రహించాలి.