గురువు లేని గీత

సొంతంగా నేర్చుకుని నైరూప్య చిత్రాలు వేసేవాళ్లు “నాకు గురువెవరూ లేరండీ” అంటుంటారు. నిజమే. కానీ గురువు లేకపోతే రుణం కూడా లేనట్టేనా?

నంద్యాల నుంచి ఆళ్లగడ్డ వెళ్తే రోడ్డు పక్కనే ఉలి చప్పుళ్లు. అక్కడి శిల్పికి తాళమానం ఉంది: ముఖం పొడవే కొలత, విగ్రహమంతా దాని లెక్కే. ఆ లెక్క ఎవరు నేర్పారో అతను పేరు పెట్టి చెప్పగలడు. నైరూప్య చిత్రకారుడికి ఆ కొలతా లేదు, ఆ పేరూ లేదు. అయినా సగం చెక్కి వదిలేసిన రాయి గరుకుదనం, మహానంది కోనేటి అడుగున కదిలే వెలుగు అతని కంటికి ఏమీ నేర్పకుండా ఉంటాయా?

టాగోర్ కూడా ఏ కళాశాలలోనూ చిత్రకళ చదవలేదు. రాతప్రతుల్లో కొట్టివేతల్ని కలుపుతూ బొమ్మల్లోకి వెళ్లి, 1930లో, తన 69వ ఏట, పారిస్‌లో ప్రదర్శన పెట్టాడు. ఆ గీతలకి గురువు లేడు, కానీ వాటి వెనక ఆయన కవిత్వం ఉంది.

ఏకలవ్యుడి కథలో మనం తెగిన వేలునే చూస్తాం. వేలు అడగడం అన్యాయమే. కానీ ఎవరి శిష్యుడివని అడిగితే, ఎదుట ఉన్నది మట్టిబొమ్మే అయినా, అతను ద్రోణుడి పేరు చెప్పాడు.

సొంతంగా నేర్చుకున్నవాళ్లు ఎవరికీ వేలు ఇవ్వక్కర్లేదు. పేరు చెప్తే చాలు. అది రాయి పేరైనా సరే, నీటి పేరైనా సరే.