ఆనాటి పరమాన్నం

పిల్లల ప్రశ్నలకి జవాబు తెలియనప్పుడు తప్పించుకునే విద్యలో మన ఆడవాళ్ళని మించినవాళ్ళు లేరు. "పెద్దయ్యాక తెలుస్తుందిలే", "ముందు అన్నం తిను" - ఈ రెండు మంత్రాలతోనే నేను ఇద్దరు పిల్లల్ని పెంచి పెద్ద చేశాను. మొన్న వేసవి సెలవులకి హైదరాబాదునించి వచ్చిన మా మనవడి దగ్గర మాత్రం ఆ మంత్రాలు పారలేదు.

వాడికి తొమ్మిదేళ్ళు. విశాఖపట్నంలో అడుగు పెట్టిన ప్రతి పిల్లాడిలాగే సబ్‌మెరైన్ చూపించమని పట్టుబట్టాడు. రామకృష్ణా బీచిలో ఒడ్డున ఉన్న కుర్సురా సంగతి మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. సోవియట్ దేశంలో తయారై 1969లో మన నౌకాదళంలో చేరింది. 31 ఏళ్ళు కొలువు చేసి 2001లో పదవీ విరమణ చేసింది. 2002లో దాన్ని ఇసుక మీదికి లాగి మ్యూజియం చేశారు. దాని ఎదురుగా రోడ్డుకి అవతల 2017లో ఓ పెద్ద విమానాన్ని కూడా నిలబెట్టారు. సముద్రంలో సబ్‌మెరైన్లు ఎక్కడున్నాయో ఆకాశంలోంచి కనిపెట్టడం ఆ విమానం పని. పిల్లీ ఎలుకా రిటైరయ్యాక ఒకే వీధిలో కాపురం పెట్టాయన్నమాట!

కుర్సురా బయటికి 91 మీటర్ల పొడవు. లోపలికి వెళితే మాత్రం ఒకళ్ళకొకళ్ళు ఎదురుపడితే పక్కకి ఒరిగి దారి ఇవ్వాల్సిందే. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి గుండ్రటి కంతలోంచి దూరి వెళ్ళాలి. అందులో 75 మంది రోజుల తరబడి నీళ్ళకింద బతికేవారట. మంచినీళ్ళు కొలిచి వాడుకోవాలి కాబట్టి స్నానం మాట తలపెట్టకూడదు. నా కళ్ళు మాత్రం వంటగది మీదే పడ్డాయి. మా ఇంట్లో బీరువా పెట్టుకునేంత చోటు. అందులో 75 మందికి రెండు పూటలా వండి వార్చిన మహానుభావుడెవరో గానీ, ఆయనకి మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను.

మావాడికి వంటగదితో పనేముంది? ఇరవైరెండు టార్పెడోలు మోసే నౌక అని వినగానే వాడి కళ్ళు మెరిశాయి. మాకు చూపిస్తున్న రిటైర్డు నేవీ ఆయన్ని పట్టుకుని, "అంకుల్, ఇది ఎన్ని షిప్పుల్ని ముంచింది? ఎంతమందిని చంపింది?" అన్నాడు.

ఆయన నవ్వి, "ఒక్కదాన్నీ ముంచలేదు బాబూ. 1971 యుద్ధంలో అరేబియా సముద్రంలో గస్తీ తిరిగి వచ్చేసింది, అంతే" అన్నాడు.

మావాడి మొహం చిన్నబోయింది. ఐస్‌క్రీం అయిపోయిందని చెప్పినప్పుడు పెట్టే మొహం. ఇక నా సంగతి చెప్పాలంటే సిగ్గుగానే ఉంది. "అయ్యో, ఒక్కటి కూడా లేదా!" అని నాకూ ఒక్క క్షణం అనిపించింది. చీమల మందు చల్లడానికి కూడా వెనకాడే మనిషిని నేను. ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్ళు చచ్చిపోలేదని నేనెందుకు నిరాశపడాలి?

బయటికొచ్చి ఇసుకలో కూర్చున్నాక పాత సంగతొకటి గుర్తొచ్చింది.

1971 డిసెంబరు. నాకు కొత్తగా పెళ్ళయి మహారాణిపేటలో అత్తవారింట్లో ఉన్నాను. యుద్ధం మొదలయింది. కిటికీ అద్దాలకి నల్ల కాగితాలు, చీకటి పడితే దీపం వెలిగించకూడదు. డిసెంబరు 3వ తేదీ రాత్రి, పన్నెండు దాటాక, సముద్రం వైపునించి పెద్ద చప్పుడొచ్చి కిటికీలు గడగడలాడాయి. ఏమిటో ఎవరికీ తెలియదు. ఆ తర్వాత కొద్దిరోజులకి బయటపడింది. పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ మన తీరానికి వచ్చి మునిగిపోయిందని. సముద్రం మీదికి తేలిన సామాన్లు మన జాలర్ల కంటపడ్డాయట. మన రాజ్‌పుట్ నౌక బాంబులు వేసి ముంచిందని మనమంటాం, లోపలే ఏదో పేలి మునిగిందని వాళ్ళంటారు. ఆ తగువు నేటికీ తెగలేదు. తగువు లేని సంగతొక్కటే - అందులో ఉన్న 90 మందికి పైగా మనుషుల్లో ఒక్కడూ తిరిగి ఇంటికి వెళ్ళలేదు.

ఆ వార్త తెలిసిన రోజు మా వీధంతా పండగే. నేనూ ఉత్సాహంగా బెల్లం పరమాన్నం వండాను. గిన్నెలో పెట్టి మా అత్తగారికి తీసుకెళ్ళి సంగతి చెప్పాను. ఆవిడ అంతా విని, గిన్నె పక్కనపెట్టి లేచి నూతి దగ్గరికి వెళ్ళి, నెత్తిమీద రెండు చేదల నీళ్ళు కుమ్మరించుకుంది. చావు కబురు విన్నప్పుడు చేసే స్నానం!

నాకు ఒళ్ళు మండింది. "అదేమిటండీ అత్తయ్యా, వాళ్ళు మనవాళ్ళా?" అన్నాను.

"మనవాళ్ళు కాదులేవే. మన నీళ్ళలో పోయారు కదా" అంది, తడి జుట్టు ముడివేసుకుంటూ. "వాళ్ళు పోకపోతే మన పిల్లలు పోయేవాళ్ళు. కాదన్నానా? నీళ్ళు పోసుకుంటే మన సొమ్మేం పోయింది!"

ఆ తర్వాత కూర్చుని పరమాన్నం తింది. ఊరు గట్టెక్కినందుకు దేవుడికి దణ్ణం కూడా పెట్టుకుంది. స్నానమూ చేసింది, పరమాన్నమూ తింది! చాదస్తం అనుకున్నాను ఆనాడు.

ఆ రాత్రి ఇదంతా మావారితో అంటే ఆయన ఊరుకోలేదు. "ఏమోయ్, వాళ్ళు మనింటికి చుట్టపుచూపుగా వచ్చారనుకున్నావా? విక్రాంత్‌ని ముంచడానికి వచ్చారు. అది ఇక్కడే ఉందన్నట్టు మనవాళ్ళు వైర్‌లెస్‌లో నాటకమాడి, దాన్ని అండమాన్ వైపు దాచారు కాబట్టి సరిపోయింది. అందులో వెయ్యిమందికి పైగా ఉండేవారు. వాళ్ళ తల్లుల మాటేమిటి?" అన్నారు.

ఆ మాట నిజమే. కాదనడానికి నోరు రాదు. ఘాజీ మునగకుండా ఉంటే బాగుండేదని నేననడం లేదు. నా ప్రశ్న వేరు. ఒక పని చెయ్యక తప్పలేదని ఒప్పుకోవడానికీ, ఆ పని చూసి చప్పట్లు కొట్టడానికీ మధ్య తేడా లేదా? మన పల్లెల్లో ఇంట్లోకి నాగుపాము వస్తే చంపుతారు. పసిపిల్లలున్న ఇల్లు, చంపక ఏం చేస్తారు? చంపినవాళ్ళే దానిమీద ఇన్ని పాలు పోసి దహనం చేస్తారు. రావణుడి అంత్యక్రియలకి విభీషణుడు వెనకాడితే, పగలన్నీ ప్రాణంతోనే సరి అని చెప్పి చేయించింది రాముడే కదా.

ఇదంతా పెద్దమనసు చూపించుకోవడానికి చెప్పడం లేదు. అవతలి గట్టుమీద నిలబడి చూస్తే తెలుస్తుంది. ఘాజీ మునిగిన వారంలోపే, డిసెంబరు 9న, డయ్యూ దగ్గర మన ఖుక్రీ నౌకని పాకిస్తాన్ సబ్‌మెరైన్ హంగోర్ ముంచేసింది. 18 మంది ఆఫీసర్లు, 176 మంది నావికులు పోయారు. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా తప్పించుకోవడానికి ఒప్పుకోక నౌకతోపాటే వెళ్ళిపోయారు. ఆ హంగోర్ ఇప్పుడెక్కడుందో తెలుసా? కరాచీలో, మ్యూజియంలో! మన కుర్సురాలాగే రంగులేసి పిల్లలకి చూపిస్తున్నారు.

అక్కడా నాలాంటి అమ్మమ్మ ఉంటుంది. ఆవిడ వేలు పట్టుకుని ఓ తొమ్మిదేళ్ళ కుర్రాడు, "ఇది ఎంతమందిని చంపింది?" అని అడుగుతాడు. వాడికి మాత్రం నిరాశ ఉండదు. "194 మందిని" అని జవాబు దొరుకుతుంది. వాడి కళ్ళు మెరుస్తాయి. ఆ మెరుపు తలుచుకుంటే నా కడుపులో చెయ్యిపెట్టి దేవినట్టయింది. ఆ పిల్లాడి మీద కోపం తెచ్చుకుందామంటే, అదే మెరుపు మావాడి కళ్ళలోనూ చూశానాయె! వాడికి లెక్క దొరకలేదు, అంతే తేడా.

మర్నాడు సాయంత్రం వాణ్ణి మళ్ళీ బీచికి తీసుకెళ్ళాను. "ఒరే, మీ అపార్టుమెంటులో వాచ్‌మన్ ఉన్నాడు కదా, ఎంతమంది దొంగల్ని కొట్టాడని లెక్కచూసి మీ నాన్న జీతం ఇస్తాడా?" అన్నాను.

"దొంగలు రాకపోతేనే మంచి వాచ్‌మన్" అన్నాడు.

"మరి కుర్సురా కూడా అంతే. కాపలా కాసింది, 75 మందినీ ఇంటికి చేర్చింది. అంతకన్నా ఏం కావాలి?"

వాడు కాసేపు ఆలోచించాడు. తర్వాత ఘాజీ సంగతీ చెప్పాను, వీధిలో పండగా, మా అత్తగారి స్నానంతో సహా. "ఇప్పుడు అదెక్కడుంది?" అన్నాడు. ఇక్కడికి ఎంతో దూరం లేదు, ఈ సముద్రం అడుగునే ఉందన్నాను. "మరి వాళ్ళూ?" అన్నాడు. "వాళ్ళూ" అన్నాను. అప్పటిదాకా కెరటాల్ని కాలితో తన్నుతున్నవాడు తన్నడం మానేసి నిలబడ్డాడు.

విశాఖపట్నం వస్తే పిల్లలకి కుర్సురా తప్పకుండా చూపించండి. ధైర్యమంటే ఏమిటో, ఇరుకులో సర్దుకుని బతకడమంటే ఏమిటో తెలుస్తుంది. ఎంతమందిని చంపిందని వాళ్ళు అడిగినప్పుడు మాత్రం "ముందు అన్నం తిను" అనకండి. పరమాన్నం సంగతి చెబితే, నూతి దగ్గర స్నానం సంగతీ చెప్పండి. ఆ రెండూ ఒకే ఇంట్లో ఒకే రోజు జరగవచ్చని తెలుసుకోవడానికి నాకు యాభై ఏళ్ళకి పైగా పట్టింది. వాళ్ళకి అంతకాలం పట్టనక్కర్లేదు.