కూసునే జాగ

అమ్మ గేటు దాకా వచ్చేది కాదు. వాడ మలుపులో వేపచెట్టు కిందనే ఆగిపోయి, "పో బిడ్డా, మీ నాయినను పిలుసుకరా, నేనొచ్చిన్నని మాత్రం జెప్పకు" అనేది. నాకప్పుడు ఎనిమిదో తొమ్మిదో ఏళ్లు. మిల్లులో జీతాలిచ్చే రోజైతేనే ఆమెకు అంత తొందర. మిగతా రోజుల్లో నాయిన ఎప్పుడొస్తే అప్పుడే రాత్రి.

కల్లు కాంపౌండంటే నిలువెత్తు గోడ, లోపల రేకుల పందిరి, పందిరి కింద ఇటుకల మీద పరిచిన బండలు. ఓ మూల వరసగా లొట్లు, వాటి మూతుల చుట్టూ నురగ, నురగ మీద ఈగలు. పులిసిన వాసన వాడ మొదట్లోనే తగిలేది. గోడవారన ఒక ముసలవ్వ తట్టలో గుడాలు, గిన్నెలో బొటి కూర పెట్టుకొని కూర్చునేది. నన్ను చూసి ముందుగా నా గుప్పిట్లో ఇన్ని గుడాలు పోసేది. అవి తింటూ నేను నాయినను వెతికేవాణ్ని. వెతకడం దేనికి, గొంతు పట్టుకొని పోతే చాలు.

ఎందుకంటే ఆ గొంతు ఇంట్లో వినేది కాదు. ఆయన ఆజంజాహి మిల్లులో నేత ఖాతా మనిషి. ఏడో నిజాం పెద్దకొడుకు పేరు మీద 1934లో మొదలైన మిల్లు అది. వరంగల్‌కు పొద్దు పొడిచేదీ కుంకేదీ దాని సైరన్‌తోనే అన్నట్టుండేది. పొద్దంతా మగ్గాల మోతలో నిలబడి వచ్చిన మనిషి ఇంటికొస్తే రెండు మాటలకు మించి మాట్లాడేవాడు కాదు. అదే మనిషి కాంపౌండులో బండ మీద మఠం వేసుకొని, చేతిలో సీసాతో, ఎవరో సూపర్‌వైజర్ నడకను, దగ్గును, తిట్టును అచ్చంగా చేసి చూపిస్తుంటే చుట్టూ పదిమంది పొట్టలు పట్టుకునేవాళ్లు. నేను కనపడగానే ఆ నవ్వు ఆగేది. మిగిలిన కల్లు నిదానంగా తాగి, భుజం మీది తువ్వాల దులుపుకొని లేచేవాడు. వేపచెట్టు దగ్గరికి వచ్చేసరికి మళ్లీ మా ఇంటి నాయిన అయిపోయేవాడు.

ఈ ఇద్దరిలో మా నాయిన ఎవరు? చాలా ఏళ్లు ఈ ప్రశ్నకు నా దగ్గర ఓ సిద్ధమైన జవాబుండేది: మనిషికి ఇల్లు, పని కాక మూడో చోటు ఒకటి కావాలి, అక్కడే అతను పూర్తిగా మనిషవుతాడు. అమెరికా సమాజశాస్త్రవేత్త రే ఓల్డెన్‌బర్గ్ 1989లో అచ్చేసిన పుస్తకం గురించి తెలిశాక ఆ జవాబుకు ఇంకాస్త బలం వచ్చింది. మంగలి షాపు, కాఫీ దుకాణం, పబ్బు, వీటిని ఆయన అలాంటి చోట్లంటాడు. ఇంగ్లండులో రేవు పట్నాల పాత పబ్బులు మూతబడుతుంటే అక్కడి జనం ఎందుకంత బాధపడతారో నాకు కాంపౌండు తెలుసు గనక అర్థమైంది. సముద్రం లేకపోతేనేం, మాకూ ఉండేదొకటి అనుకున్నాను.

నాయిన పోయిన చాలా కాలానికి ఒకనాడు బియ్యం చెరుగుతున్న అమ్మతో, "నాయిన గాడ మస్తు నవ్విచ్చెటోడమ్మా" అన్నాను. చాట ఆగలేదు. "గాడ నవ్వెటోన్ని ఇంట్ల నవ్వద్దని ఎవలన్న జెప్పిన్రా?" అంది. కాసేపటికి, మెరిగలు ఏరుతూ, తనలో తాను అనుకున్నట్టు, "నాకు గసొంటి జాగ ఒక్కటి సూపెట్టు" అంది.

నా మూడో చోటు సిద్ధాంతం ఆ చాటలోంచి పొట్టులాగా ఎగిరిపోయింది.

అసలు ఈ చోటు ఎవరిది? తాగేవాడిదనే అనుకుంటాం గానీ చరిత్ర చూస్తే గేటు దగ్గర ఎప్పుడూ ఇంకొకడు నిలబడే ఉన్నాడు. అర్థశాస్త్రంలో కౌటిల్యుడు సురాధ్యక్షుడనే అధికారికి పనులు చెబుతూ, పానశాలల్లో వేర్వేరు గదులుండాలి, పడకలూ ఆసనాలూ ఉండాలి, సుగంధాలు, పూలు, నీళ్లు కాలానికి తగ్గట్టు అమర్చాలంటాడు. మత్తులో ఉన్నవాడి సొమ్ము అక్కడ పోతే అమ్మేవాడే కట్టివ్వాలంటాడు. ఎంత మర్యాద! దాంతోపాటే, ఆ గదుల్లో వేగులను పెట్టి ఎవడెంత ఖర్చు పెడుతున్నాడో కనిపెట్టమంటాడు. పూలు పెట్టమన్నవాడే వేగును పెట్టమన్నాడు. ఈ చోటు పట్ల రాజ్యానికున్న రెండు ముఖాలు, ఆశా అనుమానమూ, అప్పటి నుంచీ మారలేదు.

మన ఓరుగల్లు వీధుల్నే తీసుకోండి. వినుకొండ వల్లభరాయుడి పేరు మీద ఉన్న క్రీడాభిరామంలో (శ్రీనాథుడిదే అనేవాళ్లూ ఉన్నారు, ఆ తగువు మనకెందుకు) ఇద్దరు మిత్రులు ఒక్కరోజు కాకతీయ నగరమంతా తిరుగుతారు. రూక ఇచ్చి భోంచేసే పూటకూళ్లిల్లు, ఆటలు, పాటలు, వేశ్యవాడలు అన్నీ చూస్తారు. పట్నమంటే కోట కాదు, గుడి కాదు, తెలియనివాళ్ల పక్కన కూర్చోగలిగే చోట్లని ఆ కవికి తెలుసు. అయితే తిరిగేదీ చూసేదీ ఇద్దరు మగవాళ్లు. మా అమ్మ ప్రశ్న అక్కడా అలాగే ఉంది.

ఇక సర్వాయి పాపన్న. తాళ్లు గీసే కులంలో పుట్టి, ఖిలాషాపురంలో కోట కట్టి, 1708లో ఊరు మొహర్రం ఏర్పాట్లలో ఉండగా వరంగల్ మీద పడి దోచినవాడు. మొగలుల చరిత్ర రాసిన ఖాఫీఖాన్‌కు అతను బందిపోటు. పల్లెల్లో పాడుకున్నవాళ్లకు వీరుడు. ఇవ్వాళ ప్రభుత్వం ఆగస్టు 18న జయంతి చేస్తోంది. నన్ను పట్టి ఉంచేది మాత్రం ఖాఫీఖాన్ చెప్పిన అతని చివరి రోజులు. కోట పోయి, గాయపడి, మారువేషంలో తిరుగుతూ పాపన్న ఒక కల్లు అమ్మేవాడి దగ్గర ఆగాడు. ఆ అమ్మేవాడు గుర్తుపట్టాడు. కబురు పోయింది, సిపాయిలొచ్చారు. జానపదుల కథలో అలా కాదు, అతను తన చేతులతోనే ప్రాణం తీసుకుంటాడు. ఏది నిజమో గానీ, మొదటిదే నన్ను ఎక్కువ బాధపెడుతుంది. కల్లు దుకాణంలో తనను ఎవరూ పట్టివ్వరని అతను నమ్మి ఉంటాడు గదా? మనవాళ్ల మధ్య కూర్చున్నామనే ఆ నమ్మకం ఎంతవరకు నిజం?

కాంపౌండులో కులం లేదని చెప్పేవాళ్లు పల్లెలో కల్లు మండువను చూసి ఉండరు. అక్కడ గౌడన్న లొట్టి పైకెత్తి పోస్తే, కింద తాటాకు రేక పట్టి తాగాలి. ఎవరు ఎక్కడ కూర్చోవాలో, ఎవరికి ఎంత ఎత్తు నుంచి పోయాలో అందరికీ తెలుసు. పట్నంలో ఆ దూరాన్ని కొంత తగ్గించింది మంచితనం కాదు, గాజు సీసా. సీసా ఎవరిది వాళ్లు పట్టుకొని తాగొచ్చు, కడిగి మళ్లీ నింపొచ్చు, అంటు గొడవ లేదు. సమానత్వం ఒక్కోసారి ఇలా, ఎవరూ ఉద్దేశించకుండా, సామాన్లలోంచి వస్తుంది. వచ్చినదాన్ని చిన్నచూపు చూడను. నాయిన పక్కన కూర్చొని నవ్వినవాళ్లలో ఎన్నో కులాలవాళ్లున్నారు, మా ఇంటి అరుగు మీద ఆ కలయిక సాధ్యమయ్యేది కాదు.

ఇక మళ్లీ గేటు దగ్గరి మనిషికొస్తే, నిజాం ప్రభుత్వం 1316 ఫసలీలో ఆబ్కారీ చట్టం చేసింది. అంటే 20వ శతాబ్దం మొదట్లోనే చెట్టుకో లెక్క, గీతకో లెక్క, దుకాణానికో వేలం. చెట్టు రకం, అంటే చెట్టు పన్ను, కట్టలేక తాళ్లు వదిలి పోయినవాళ్ల మాటలు మా పెద్దల నోట వింటూ పెరిగాం. ఆ తర్వాత ప్రభుత్వాలు మారాయి, గేటు దగ్గరి మనిషి మారలేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణాల మీదికి నడిచారు. వాళ్లు ఏ తత్వశాస్త్రమూ చదవలేదు, అమ్మ చాట చెరుగుతూ అన్నదాన్నే వీధిలో నిలబడి అన్నారు. 1993 అక్టోబరులో సారా బందయింది. 1995 జనవరిలో ఎన్టీఆర్ సంపూర్ణ మద్యనిషేధం తెచ్చారు. రెండేళ్లు దాటగానే, 1997లో, అది సడలిపోయింది. ఖజానా తట్టుకోలేదన్నారు. ఆడవాళ్లు తట్టుకున్నది ఏ ఖాతాలో రాశారో మరి.

కాంపౌండు మాత్రం తనంతట తానే చెడింది. కల్లు సంగతి తెలిసినవాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు. లొట్టి లోపల సున్నం పూస్తే పులియని తియ్యటి నీరా, పూయకపోతే గాలిలో ఉన్న ఈస్టుతోనే పులియడం మొదలు. పొద్దున తీపి, మధ్యాహ్నానికి వగరు, సాయంత్రానికి పులుపు. పోద్దాడు వేరు, పరుపుతాడు వేరు, పండుతాడు వేరు, ఈత వేరు. ఏ రోజు కల్లు ఆ రోజుదే. అలాంటిది ఏడాది పొడవునా, వేల సీసాల్లో, ఒకే రుచి ఒకే మత్తు ఉందంటే అది చెట్టు మీది నుంచి దిగలేదన్నమాట. మొదట క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, తర్వాత ఆల్ప్రజోలం. 2015లో కల్తీ మీద దాడులు జరిగి సరఫరా ఆగిపోతే నిజామాబాద్, మహబూబ్‌నగర్ వైపు ఆసుపత్రులకు వణుకుతూ, పొంతన లేకుండా మాట్లాడుతూ జనం వచ్చిపడ్డారు. కల్లు దొరక్క కాదు, మందు దొరక్క. 2025 జులైలో కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి పలువురు ప్రాణాలే పోగొట్టుకున్నారు. మా నాయిన చివరి ఏళ్లలో సాయంత్రం దాటితే చేతులు వణికేవి. వయసు వల్ల అనుకున్నాం. ఆ సీసాలో ఏముండేదో ఇప్పుడు అడగడానికి ఆ దుకాణమూ లేదు.

అయితే నవ్వు కల్తీదా? నేను చూసిన ఆ సూపర్‌వైజర్ నడక, ఆ పదిమంది పొట్టలు పట్టుకోవడం, అదంతా మాత్ర చేసిన పనేనా? కాదని గట్టిగా చెప్పాలని ఉంటుంది. చెప్పలేను. చెడ్డ నీళ్లు తాగి పొందిన స్నేహం చెడ్డ స్నేహమని కూడా అనలేను. ఈ రెండింటి మధ్యే నా ఆలోచన ఏళ్లుగా తిరుగుతోంది, గానుగెద్దులాగా.

పైన చెట్టు మీద ఉన్నవాడి సంగతి ఇంకా రాలేదు. ఓసారి గీసుగొండ వైపు ఒక గౌడన్న చెట్టు దిగుతుంటే దగ్గర నిలబడి చూశాను. నడుముకు ముస్తాదు, అందులో కత్తులు. నడుమునూ చెట్టునూ కలిపి మోకు, పాదాలకు గుజి. ఛాతీ మీద చర్మం తాటిమట్టలాగే గరుకుగా, నల్లగా రాసుకుపోయి ఉంది. పాదాల లోపలి వంపులో కాయలు కాచాయి. "యాభై ఏండ్లు ఎక్కిన సారూ, రెండు మాట్ల పడ్డ" అన్నాడు, బస్సు తప్పిపోయిందన్నంత మామూలుగా. కొడుకు హైదరాబాద్‌లో కారు నడుపుతాడట. 2024లో కాటమయ్య రక్షా కవచం పేరుతో ప్రభుత్వం గీత కార్మికులకు కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. మంచి పనే. శతాబ్దాలుగా పన్ను లెక్క పెట్టినవాళ్లకు, పడేవాళ్లు కూడా ఉంటారని తోచింది.

కింద కూర్చున్నవాడి హాయికి పైన ఒకడు ప్రాణం పణం పెట్టాలి. బయట వేపచెట్టు కింద ఒకామె నిలబడాలి. లోపల బండ మీద మాత్రం అందరూ సమానం. ఈ లెక్క ఒక్క కల్లు దుకాణానిదే కాదేమో, మనం ముచ్చట పడే చాలా చోట్లది ఇదేనేమో. ఏథెన్స్ విందుల్లో తత్వం మాట్లాడుకున్నవాళ్లకు ద్రాక్షసారా కలిపి పోసినవాళ్లు బానిసలే గదా.

ఇప్పుడైతే కూర్చునే చోటు కూడా పోయింది. 2023లో తెలంగాణలో 2,620 మద్యం దుకాణాలకు లక్షా 30 వేలకు పైగా దరఖాస్తులొచ్చాయి. ఒక్కో దరఖాస్తుకు తిరిగి రాని 2 లక్షలు. వాటిలో 15 శాతం దుకాణాలు గౌడ కులస్తులకు కేటాయించారు. తాడెక్కిన కులానికి లాటరీ చీటీ. మిల్లు మూతబడ్డాక మా వాడ ఖాళీ అయింది, కాంపౌండు ఉన్న జాగాలో ప్లాట్లు పడ్డాయి. కాస్త అవతల వైన్‌షాపు వెనక గోడ దగ్గర సాయంత్రాలు మనుషులు వరసగా నిలబడి ఉంటారు. ప్లాస్టిక్ గ్లాసు, నీళ్ల ప్యాకెట్, ఒకటి రెండు గుక్కల్లో ముగించి ఎవరి బండి మీద వాళ్లు పోతారు. ఎవరూ ఎవరి నడకనూ చేసి చూపించరు. నీరా కోసం ప్రభుత్వం హుస్సేన్‌సాగర్ ఒడ్డున 2023లో కేఫ్ తెరిచింది. శుభ్రంగా ఉంది, ఆడా మగా కూర్చోవచ్చు. నాయిన అక్కడికి పోయి ఉంటే తువ్వాల ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఇబ్బంది పడేవాడు.

పోయిన వేసవిలో అమ్మను నర్సంపేట రోడ్డు మీదుగా బంధువులింటికి తీసుకుపోతున్నాను. ఎనభై దాటింది, కారులో కళ్లు మూసుకొనే కూర్చుంది. ఒకచోట తాళ్ల కింద లొట్లు పెట్టుకొని ఒకాయన, పక్కన ఆయన భార్య కనిపించారు. "ఆపు" అంది. ఎందుకన్నాను. జవాబు చెప్పకుండా తలుపు తీసుకొని దిగింది. చెట్టు నీడలో, నేల మీద, కొంగు సర్దుకొని కూర్చుంది. ఆ ఇల్లాలు తాటాకు మడిచి రేక చేసిచ్చింది, ఆయన లొట్టి వంచాడు. అమ్మ రెండు చేతులా రేక పట్టి, ఆగి ఆగి తాగి, పెదాలు తుడుచుకొని ఆయన వైపు చూసింది.

"పొద్దటిదేనా?"

"ఇప్పుడే దించిన పెద్దమ్మా."

"అయితే ఇంకింత పొయ్యి."

నేను కారు దగ్గరే నిలబడి ఉన్నాను. నన్ను రమ్మని ఆమె పిలవలేదు.