కంపెనీ నియమం - విశ్వాసి నాలుక

కేసముద్రం స్టేషన్‌లో రైలెక్కి హైదరాబాద్ వెళ్ళి సాఫ్ట్‌వేర్ కొలువుల్లో చేరిన పిల్లలు మన ఇళ్ళలోనూ ఉన్నారు. పండుగకు ఊరొచ్చిన అలాంటి యువకుడొకరు జుమా నమాజు తర్వాత మమ్మల్ని ఇలా అడిగాడు: "మౌలానా సాబ్, మా కంపెనీలో వైవిధ్య విధానం పేరుతో ఒక పత్రంపై సంతకం తీసుకున్నారు. స్త్రీపురుష భేదాల గురించి, లింగ మార్పిడి గురించి నా అభిప్రాయం అక్కడ చెబితే ఉద్యోగం పోవచ్చు. చెప్పకపోతే సత్యాన్ని దాచినవాణ్ణి అవుతానా?"

ఇది ఒక ఇంటి అన్నంతో ముడిపడిన ప్రశ్న. తేలిగ్గా జవాబు చెప్పలేం.

అతని భయం ఊహ కాదు. 2017లో అమెరికాలో జేమ్స్ డామోర్ అనే ఇంజనీరు, సాంకేతిక రంగంలో స్త్రీలు తక్కువగా ఉండటానికి పుట్టుకతో వచ్చే తేడాలు కూడా ఒక కారణమని రాసినందుకు గూగుల్ అతణ్ణి తొలగించింది. బ్రిటన్‌లో మాయా ఫోర్‌స్టాటర్ అనే మహిళ, పుట్టుకతో వచ్చిన లింగం మారదని అన్నందుకు 2019లో పని కోల్పోయింది. 2021లో అక్కడి అప్పీలు ట్రిబ్యునల్ ఆమె విశ్వాసానికి చట్టరక్షణ ఉందని తేల్చింది. అయితే ఆ విశ్వాసం ఇతరులను వేధించడానికి అనుమతిపత్రం కాదని కూడా చెప్పింది.

ఈ విషయంలో మనం మూడు సంగతులు గమనించాలి.

మొదటిది, ఒడంబడికలను నెరవేర్చమని దివ్య ఖుర్ఆన్ ఆదేశిస్తోంది. పాపం చేయమననంత వరకు, సంతకం చేసిన నియమాన్ని పాటించడం మన బాధ్యత.

రెండవది, ఒకరినొకరు ఎగతాళి చేసుకోవద్దని, చెడ్డపేర్లతో పిలుచుకోవద్దని హుజురాత్ సూరా హెచ్చరిస్తోంది. మన అమ్మాయి హిజాబును, మన అబ్బాయి గడ్డాన్ని ఆఫీసులో ఎవరూ వెక్కిరించకుండా కాపాడేది కూడా ఇటువంటి నియమమే. రక్షణ మనకు కావాలి, హద్దు మాత్రం వద్దంటే అది న్యాయమా?

మూడవది, మన అభిప్రాయాల్లో ధర్మం ఎంత, అలవాటు ఎంత? స్త్రీకి వ్యాపార దక్షత ఉండదనే వారు హజ్రత్ ఖదీజా (ర) వర్తకాన్ని మరచినట్లే. పుట్టుకతో స్త్రీపురుష లక్షణాలు స్పష్టంగా తేలని వారిని మన ఫుఖహాలు సమాజం నుంచి వెలివేయలేదు. వారి నమాజు వరుసకు, వారసత్వానికి ప్రత్యేక అధ్యాయమే రాశారు.

మరి ఆ యువకునికి జవాబేమిటి? మౌనం అబద్ధం కాదు. మనసు ఒప్పుకోనిదాన్ని నమ్ముతున్నానని నోటితో పలకడమే అబద్ధం. తోటివారితో మర్యాదగా మెలగమని అడిగే హక్కు యజమానికి ఉంది. మనసులోని విశ్వాసాన్ని మార్చుకున్నట్లు ప్రకటించమనే హక్కు లేదు. అలా అడిగిననాడు వినయంగా నిరాకరించాలి. దానివల్ల నష్టమొస్తే ఓర్చుకోవాలి. ఉపాధినిచ్చేవాడు అల్లాహ్.

అయితే ఈ కొలబద్ద మనకూ వర్తిస్తుంది. మన దుకాణంలో పనిచేసే మనిషి నమ్మకం మనకు నచ్చకపోతే, పని సక్రమంగా చేస్తున్నా అతణ్ణి తీసేస్తామా? ఆ యువకుడి ప్రశ్న విన్నాక మేము ముందుగా మమ్మల్నే ఇలా ప్రశ్నించుకున్నాం. పాఠకులు కూడా ఒకసారి ప్రశ్నించుకోవాలి.

ద్వేషంలోనూ న్యాయం తప్పని మనసును అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.