చాటుగా నడిస్తే దారి పడదు

ఇంగ్లండ్, వేల్స్ పల్లెల్లో కాలిబాటల గురించి ఒక పాత న్యాయసూత్రం ఉంది. ఎవరి పొలం మీదుగానైనా జనం 20 ఏళ్లపాటు అడ్డూ ఆపూ లేకుండా నడిస్తే, బాట ఇచ్చే ఉద్దేశం తనకు లేదని యజమాని ఆ కాలంలో తేల్చి చెప్పి ఉంటే తప్ప, అది జనం బాట అయిపోతుంది. 1932లో చట్టంలోకి ఎక్కిన ఈ నియమాన్ని 1980 నాటి హైవేస్ చట్టం కొనసాగించింది. అయితే ఆ నడకకు మూడు షరతులున్నాయి. దౌర్జన్యంగా నడిచి ఉండకూడదు, చాటుగా నడిచి ఉండకూడదు, యజమాని అనుమతితో నడిచి ఉండకూడదు. మొదటిది ఎవరికైనా ఇట్టే అర్థమవుతుంది. మిగతా రెండూ ఆలోచించిన కొద్దీ లోతుగా కనిపిస్తాయి. ఎవరి కంటా పడకుండా రాత్రిళ్లు వందేళ్లు నడిచినా హక్కు పుట్టదు. యజమాని దయతలచి పోనిస్తే నడిచినా పుట్టదు, ఎందుకంటే ఇవాళ ఇచ్చినవాడు రేపు కాదనగలడు. పట్టపగలు, పదిమందీ చూస్తుండగా, ఒకరిని అడగాల్సిన పని లేదన్నట్టు నడిచినప్పుడే ఆ నడక లెక్కలోకి వస్తుంది. ఆ దేశంలో 1970ల నుంచి గే అవుట్‌డోర్ క్లబ్ అనే సంస్థ స్వలింగ ప్రేమికులను కూడగట్టి కొండల మీదా పొలాల వెంటా నడకలు నడిపిస్తోంది. సెలవురోజు కాలక్షేపంలా కనిపించే ఆ నడకల్లో ఒక పెద్ద తాత్విక ప్రశ్నకు జవాబు ఉందని నా నమ్మకం. ఒక మనిషిని సమాజం సహిస్తే సరిపోతుందా అన్నది ఆ ప్రశ్న.

సహనం అంటే ఏమిటో 1967 నాటి బ్రిటిష్ చట్టం చూస్తే తేటతెల్లమవుతుంది. అంతకు పదేళ్ల ముందు వుల్ఫెండన్ కమిటీ, వ్యక్తుల ఆంతరంగిక నీతిలో చట్టం వేలు పెట్టకూడదని నివేదిక ఇచ్చింది. దాని ఆధారంగా వచ్చిన చట్టం ఇంగ్లండ్, వేల్స్‌లలో 21 ఏళ్లు నిండిన ఇద్దరు మగవాళ్ల మధ్య సంబంధాన్ని నేరాల జాబితాలోంచి తీసేసింది, అదీ ఏకాంతంలో జరిగితేనే. ఏకాంతానికి చట్టం ఇచ్చిన కొలత ఇంకా ఇరుకు: మూడో మనిషి అక్కడుంటే అది ఏకాంతం కాదు. స్కాట్లండ్ 1980 దాకా, ఉత్తర ఐర్లండ్ 1982 దాకా ఆగాల్సి వచ్చింది. అప్పటి కాంటర్బరీ ఆర్చిబిషప్ మైకేల్ రామ్సే ఈ సంస్కరణను సమర్థించారు. అది పాపమేనని నమ్ముతూనే, పాపాలన్నీ నేరాలు కానక్కర్లేదన్నారు. ఒక మతాచార్యుడు ఆ మాట అనడానికి ధైర్యం కావాలి, ఆ గౌరవం ఆయనకు దక్కాలి. ప్రభువుల సభలో బిల్లును నడిపించిన లార్డ్ ఆరన్ మాత్రం, బిల్లు నెగ్గిన రోజునే, ఇకపై హుందాగా, చడీచప్పుడూ లేకుండా మసలుకుని కృతజ్ఞత చూపించండని స్వలింగ ప్రేమికులకు హితవు చెప్పారు. ఆయన మిత్రుడే కానీ శత్రువు కాదు. అందుకే ఆ హితవును జాగ్రత్తగా చూడాలి. చాటుగా ఉండాలి, అనుమతి ఇచ్చినవారికి రుణపడి ఉండాలి. కాలిబాట చట్టం ఏ రెండు రకాల నడకను లెక్కలోంచి తీసేస్తుందో, సరిగ్గా ఆ రెండింటినే ఈ సహనం షరతులుగా పెట్టింది.

ఆ రోజుల్లో న్యాయమూర్తి డెవ్లిన్, తత్వవేత్త హార్ట్ ఇదే విషయం మీద పెద్ద వాదం నడిపారు. సమాజాన్ని కలిపి ఉంచే నీతిని కాపాడే అధికారం చట్టానికి ఉందని ఒకరు, ఇతరులకు హాని లేనిచోట ఆ అధికారం లేదని ఇంకొకరు. ఇద్దరిలో హార్ట్ వైపే న్యాయం ఉంది. కానీ వాళ్ల వాదమంతా గడప ఎక్కడ పెట్టాలన్న దాని చుట్టూ తిరిగింది. గడప లోపల మనిషి క్షేమంగా ఉన్నాడనుకుందాం. మరి అతను బయటికి రావాలి కదా? ఆదివారం ఎక్కడికి వెళ్తాడు? ఎవరితో మాట్లాడతాడు? మాటల్లో తను ఎవరితో కలిసి ఉంటున్నాడో చెప్పాల్సి వచ్చినప్పుడు ఏం చెబుతాడు? మనిషి ప్రాణానికి అన్నంతో పాటు తోడు కూడా కావాలని అరిస్టాటిల్ ఏనాడో చెప్పాడు. స్నేహితులంటే తమకు ఏది ఇష్టమో దాన్ని కలిసి చేసుకుంటూ రోజులు గడిపేవాళ్లని అతని భావన. కలిసి రోజులు గడపడానికి నాలుగు గోడలు చాలవు.

ఇలాంటి నడక ఎలా సాగుతుందో కాస్త దగ్గరగా చూడాలి. దారి తెలిసిన సభ్యుడొకరు జీతం బత్తెం లేకుండా ఆ రోజుకు నాయకత్వం వహిస్తారు. ఎన్ని మైళ్లో, ఎంత ఎక్కుడో, ఎక్కడ కలుసుకోవాలో ముందే చెబుతారు. చాలాసార్లు అది ఏదో చిన్న రైల్వే స్టేషన్ అవుతుంది. మధ్యాహ్నం తిండి ఎవరిది వారే సంచిలో తెచ్చుకుంటారు. గుంపు కదిలాక అందరికన్నా వెనక నడిచే బాధ్యత ఒకరిది. ఆ మనిషిని దాటి ఎవరూ వెనకబడిపోకూడదు. ఇంగ్లండ్ పొలాల్లో సున్నం లేకుండా రాయి మీద రాయి పేర్చిన గోడలు అడుగడుగునా అడ్డొస్తాయి. వాటిని దాటడానికి చెక్కతోనో రాతితోనో మెట్లు కట్టి ఉంటాయి. ఒక్కొక్కరే ఎక్కి దిగాలి. జంటలుగా కబుర్లు చెప్పుకుంటూ వస్తున్న గుంపు అక్కడ ఆగి, వరసగా నిలబడి, ఒకరికొకరు చెయ్యి అందించుకుని అవతలికి దిగేసరికి జతలు మారిపోతాయి. ఇందాక ముందున్నవారి పక్కన ఇప్పుడు వేరొకరు ఉంటారు. సాయంత్రానికి దాదాపు ప్రతి ఒక్కరూ ప్రతి ఒక్కరితో కాసేపైనా మాట్లాడి ఉంటారు, ఎవరూ ఎవరినీ ఎంచుకోకుండానే. పక్కపక్కన నడిచేవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకోరు, చూపు దారి మీద ఉంటుంది. అందుకే ఎదురెదురుగా కూర్చుంటే గొంతు దాటని మాట ఇక్కడ బయటికి వస్తుంది, లేదా ఇద్దరూ మైలు దూరం మౌనంగా నడిచినా ఎబ్బెట్టుగా ఉండదు. నగరాల్లో గే మనుషులకు దొరికిన చోట్లు చాలాకాలం బార్లూ క్లబ్బులే. అక్కడ ప్రతి చూపూ ఒక తూకం. కొండ మీద ఆ తూకం పని చెయ్యదు. తను ఎవరో దాచుకోనక్కర్లేదు, అలాగని పొద్దస్తమానం అదే మాట్లాడనూ అక్కర్లేదు. వాన వస్తుందా, బూటులోకి నీళ్లు దిగాయా, అమ్మకు ఆపరేషన్ ఎలా జరిగింది అన్నవే కబుర్లు. దారిలో ఎదురయ్యే రైతు, కుక్కను తిప్పుతున్న ముసలావిడ, ఇంకో నడక గుంపు, అందరూ పలకరించుకుని పోతారు. ఇదీ చాటు లేని, అనుమతి అడగని వాడకం.

ఒంటరిగా దొంగచాటుగా చేసేదానికీ, నలుగురూ కలిసి వెలుగులో చేసేదానికీ ఎంత తేడా ఉందో ఆ కొండలకే తెలుసు. డార్బీషైర్‌లోని కిండర్ స్కౌట్ పీఠభూమి ఒకప్పుడు గ్రౌస్ పక్షుల వేట కోసం దొరలు మూసి ఉంచిన నేల. మాంచెస్టర్, షెఫీల్డ్ ఫ్యాక్టరీ కార్మికులు కాపలావాళ్ల కళ్లుగప్పి ఏళ్ల తరబడి అక్కడ తిరిగేవారు, దానివల్ల ఏ తలుపూ తెరుచుకోలేదు. 1932 ఏప్రిల్ 24న బెన్నీ రాత్‌మన్ అనే కుర్రవాడి పిలుపు మీద కొన్ని వందలమంది ముందే చాటింపు వేసి మరీ ఎక్కారు. ఐదుగురు జైలుకు వెళ్లారు, రాత్‌మన్‌కు నాలుగు నెలలు పడింది. గమనించాల్సిందేమిటంటే, అప్పటి పెద్ద నడక సంఘాలే ఈ పనిని తప్పుపట్టాయి. మర్యాదగా అడుక్కుంటే దొరలు కరుగుతారని వాటి ఆశ. 1949లో జాతీయ ఉద్యానాల చట్టం, 1951లో మొట్టమొదటి ఉద్యానంగా కిండర్ స్కౌట్ ఉన్న పీక్ డిస్ట్రిక్ట్, 2000లో బీడు కొండల మీద స్వేచ్ఛగా తిరిగే హక్కు వచ్చాయి. ఆ ఒక్క ఆదివారమే ఇన్నీ తెచ్చిందంటే అతిశయోక్తి. కానీ 2002లో, డెబ్బై ఏళ్ల తర్వాత, ఆ దొరల వారసుడైన అప్పటి డెవన్‌షైర్ డ్యూక్ తన పూర్వీకుల తీరుకు బహిరంగంగా క్షమాపణ చెప్పింది కళ్లుగప్పి తిరిగినవారిని తలుచుకుని కాదు.

ఇక అభ్యంతరాలు. మర్యాదస్తులు మొదట అడిగేది ఇదే: పడకగది సంగతి కొండెక్కి చాటడం ఎందుకు, మతాలన్నీ చెప్పే నిగ్రహం, లజ్జ ఏమైపోవాలి? నిగ్రహం గొప్ప గుణమే, కాదనను. కానీ మనం స్త్రీపురుషుల జంట విషయంలో ఏం చేస్తున్నామో చూడండి. పెళ్లి పత్రికలు అచ్చు వేయించి ఊరంతా పంచుతాం, వీధికి అడ్డంగా పందిరి వేస్తాం, బాజాభజంత్రీలతో ఊరేగిస్తాం, అరుంధతిని చూపించడానికి కొత్త దంపతులను అందరి ఎదుటా ఆరుబయటికి తీసుకొస్తాం. దాన్ని పడకగది సంగతి అని ఎవరూ అనుకోరు. ఎవరికి ఎవరు తోడో పదిమందికీ తెలియడం గౌరవమని, ఆ తోడుకు అదే రక్ష అని మనకు బాగా తెలుసు. ఒక రకం తోడును లోకవిషయంగానూ, ఇంకో రకాన్ని కేవలం శరీర విషయంగానూ చూడటం నిగ్రహం కాదు, పక్షపాతం. పైగా ఈ నడకల్లో జరిగేది ప్రణయ ప్రదర్శన కూడా కాదు, రొట్టెముక్క కొరుక్కుంటూ గోడ మీద కూర్చోవడం.

రెండో అభ్యంతరం దీనికన్నా బలమైనది. కొండలు అందరివీ అయినప్పుడు వేరే జట్టు కట్టడం దేనికి, మామూలు నడక సంఘంలో చేరితే సమానత్వం కాదా? బాట వేరు, బాటసారుల కూటమి వేరు అన్నది నా జవాబు. ఈ జట్టు బాటను తమకోసం కంచె వేసి పట్టుకోవడం లేదు, తోడును మాత్రమే ఎంచుకుంటోంది. మహిళలు జట్టు కడతారు, ముస్లింలు కడతారు, ఒకే ఫ్యాక్టరీ కార్మికులు కట్టేవారు. నలుగురిలో ఎప్పుడూ తానొక్కడే వేరుగా ఉండే మనిషికి, వేరుగా ఉండనక్కర్లేని ఒక్క రోజు విలువ ఎంతో మిగతావాళ్లకు అంత సులువుగా తెలియదు. అయినా ఈ అభ్యంతరంలో కొట్టిపారెయ్యలేని నిజం ఒకటుంది. ఎవరైనా ఈ జట్టులోనే ఊపిరి పీల్చుకుని, సోమవారం ఆఫీసులో మళ్లీ నోరు మూసుకోవాల్సి వస్తే, కొండ కూడా కప్పు లేని నాలుగు గోడలే అవుతుంది. అది జట్టు తప్పు కాదు, ఆఫీసు తప్పు. కానీ జట్టు ఆ సర్దుబాటుకు అలవాటు పడిపోతే నష్టమే.

మూడోది మన తత్వచింతనలోంచి వచ్చే ప్రశ్న. నేను ఫలానా అన్న భావమే బంధమైనప్పుడు, ఆ ఫలానాను పేరుగా పెట్టుకుని నడవడం అజ్ఞానం కాదా? దీనికి ఎడ్వర్డ్ కార్పెంటర్ జీవితాన్ని మించిన సమాధానం నాకు కనబడదు. 1844లో పుట్టిన ఈ ఆంగ్ల రచయిత 1890లో సింహళానికి వెళ్లి రామస్వామి అనే తమిళ జ్ఞాని దగ్గర కూర్చున్నాడు. తలపులను అణచడం, భేదభావం లేని ఆత్మస్థితి గురించి అక్కడ విన్నదాన్ని పుస్తకంగా రాశాడు. నాగరికతను విమర్శిస్తూ ఆయన రాసిన మరో పుస్తకాన్ని గాంధీజీ హింద్ స్వరాజ్‌లో ప్రస్తావించాడు. ఆ కార్పెంటరే షెఫీల్డ్ దగ్గర మిల్‌థోర్ప్ అనే పల్లెలో, కార్మిక కుటుంబంలో పుట్టిన జార్జ్ మెరిల్‌తో 1898 నుంచి ఒకే ఇంట్లో బతికాడు. స్వలింగ సంబంధం నేరం కింద రచయిత ఆస్కార్ వైల్డ్‌ను జైల్లో పెట్టిన మూడేళ్లకే అది. ఆ ఇంటికి దేశదేశాల నుంచి మనుషులు వచ్చేవారు. అభేదాన్ని అంత గాఢంగా నమ్మినవాడు మెరిల్‌ను దాచిపెట్టలేదు. దాచడానికి నిత్యం కాపలా కావాలి, ఎవరేమంటారోనని లెక్కలు వేసుకోవాలి. అహం బలిసేది ఆ కాపలాలోనే. దాచనవసరం లేనిచోటే మనిషి తనను తాను మరిచిపోగలడు.

చివరిగా, వెలుగులోకి రావడం ప్రమాదమైన చోట్ల సంగతేమిటని అడుగుతారు. స్వలింగ సంబంధాలను శిక్షించే దేశాలు ఇప్పటికీ అరవైకి పైగా ఉన్నాయి. అక్కడి మనిషిని బయటికి రమ్మని ఇక్కడినుంచి చెప్పే హక్కు ఎవరికీ లేదు. కాలిబాట చట్టం కూడా ప్రతి మనిషీ 20 ఏళ్లు నడవాలని అడగదు. వేరువేరు మనుషుల నడకలన్నీ కలిపే లెక్కిస్తుంది. రాగలిగినవారు వస్తే రాలేనివారి పేర కూడా అది జమ అవుతుంది. మన దగ్గర 1860 నాటి బ్రిటిష్ శిక్షాస్మృతిలోని స్వలింగ సంబంధాలను నేరంగా చూసిన 377వ సెక్షన్ పట్టును 2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు సడలించాక, ఇంట్లో ఏం చేసుకున్నా అడిగేవాళ్లు లేరు కదా, ఇంకా ఏం కావాలి అనే మాట తరచుగా వినిపిస్తోంది. లార్డ్ ఆరన్ హితవే తెలుగులో. మన నేల మీద ఆ హితవు ఒకప్పుడు చట్టంగానే ఉండేది: నిజాం రాజ్యంలో అక్కడి ఫసలీ కాలమానం ప్రకారం 1329లో వచ్చిన చట్టం హిజ్రాల పేర్లు రిజిస్టరులో ఎక్కించి, వాళ్లు ఆడవేషంలో వీధిలో కనబడినా, వీధిలోంచి కనబడేలా నిలబడినా వారెంటు లేకుండా పట్టుకోవచ్చంది. కనబడటమే అక్కడ నేరం. తెలంగాణ హైకోర్టు దాన్ని కొట్టేసింది 2023 జులైలో. అదే ఏడాది అక్టోబర్‌లో, స్వలింగ జంటల పెళ్లిని గుర్తించడం తన పరిధిలోది కాదని సుప్రీంకోర్టు తేల్చింది. వీధిలో కనబడటం ఇప్పుడు నేరం కాదు. కానీ ఇతను నా తోడు అని పదిమంది ముందు చెప్పుకుంటే, ఆ తోడుకు మన చట్టంలో ఇంకా చోటు లేదు.