కుందేలు కరచినప్పుడు

గృహస్థుని అహింసాణువ్రతమునకు అయిదు అతిచారములను తత్త్వార్థసూత్రము పేర్కొన్నది. కట్టుట, కొట్టుట, అవయవములను ఛేదించుట, అధికభారము మోపుట, అన్నపానములను నిరోధించుట. ఇంట ఎద్దులు, గుఱ్ఱములు లేని వర్తకులు ఇవి తమకు సంబంధింపవని తలచుట కలదు. అయితే పిల్లల ముచ్చటకై తెచ్చిన కుందేలు పెరటి బోనులో నున్నచో, కడపటి అతిచారము ఆ యింట సులభముగనే జరుగును.

పిల్లవాడు బెల్లపుముక్క పట్టుకొని బోనులో చేయి పెట్టును. కుందేలు బెల్లముతోపాటు వేలును కొరుకును. కేక విని వచ్చిన పెద్దలు, "పెట్టిన చేతినే కరచినది. నేడు దీనికి మేత లేదు" అందురు. శిక్ష విధించినవారికి అది హింస యని తోచనే తోచదు!

ఆ కాటులో క్రోధమెంత? కుందేలు కన్నులు తలకు ఇరుప్రక్కల నుండును. వెనుకనుండి వచ్చు శత్రువును సైతము అది కనిపెట్టును గాని, తన ముక్కు ముందరి వస్తువును చూడజాలదు. అచట దానికి ఆధారము వాసనయు, మీసముల స్పర్శయు మాత్రమే. బెల్లపు వాసన అంటిన వేలు దానికి బెల్లమే. ఇక, పైనుండి బోనులోనికి దిగు చేయి గ్రద్దవలె తోచును. అప్పుడు చెవులు వెనుకకు వాల్చును, గుఱ్ఱుమనును, వెనుక కాలితో నేలను తన్నును. ఇంత చెప్పినను చేయి తీయకున్న కరచును. పంటినొప్పి యున్నను కరచును. దాని పండ్లు జీవితాంతము పెరుగుచునే యుండును, గడ్డి నమలనిచో అరుగవు. బాణసంచాకు పేరుపడిన వెంబకోట్టై, శివకాశి ప్రాంతములలో టపాకాయలు ప్రేలిన దినమున ఆ పెద్ద చెవుల ప్రాణి ఎంత బెదరియుండునో వేరుగ చెప్పవలెనా?

అట్టి దానికి మేత మాన్పుట సామాన్య శిక్ష కాదు. కుందేలు ప్రేగులు ఎడతెగక పనిచేయుచుండవలెను. ఒక్క దినము ఏమియు తినకున్న ప్రాణమునకే ముప్పు.

ముద్దుచేసి చంపుటయు కలదు. దానికి ముఖ్యాహారము ఎండుగడ్డి, పిదప ఆకుకూరలు. బెల్లము, బిస్కత్తు, మిఠాయి దాని కడుపును చెఱచును. క్యారెట్టు సైతము చిన్నముక్కకు మించరాదు. కొట్టులో నాణెము లెక్క తప్పనివారు ఇచట పిడికిళ్లతో పెట్టుదురు! హింసకు మూలము ప్రమాదము, అనగా ఏమరుపాటు, అని ఆ సూత్రమే చెప్పుచున్నది.

కోవిల్‌పట్టి చేరువనున్న కళుగుమలైలో పాండ్యులనాటి తీర్థంకర శిల్పములను చూడబోవు కుటుంబములు దారిలో పిల్లలకు మేఘకుమారుని పూర్వజన్మ కథ చెప్పదగును. జ్ఞాతాధర్మకథలో నున్నది. కార్చిచ్చువేళ ఒక యేనుగు ఒడలు గోకికొనుటకు కాలెత్తగా, ఆ చోటికి ఒక కుందేలు వచ్చి చేరినది. దానిని త్రొక్కరాదని రెండున్నర దినములు ఆ యేనుగు కాలు దింపలేదు. ఆ యేనుగే పిదప శ్రేణికరాజునకు మేఘకుమారుడై పుట్టెను. ఆ కుందేలు యేనుగునకు కృతజ్ఞత చూపినట్లు కథలో ఎచటను లేదు. యేనుగు దానిని కోరనూ లేదు.

చిరుతిండి పెట్టబోవు పిల్లలు చేతులు కడుగుకొని, ముక్కను పళ్లెములో నుంచి, కుందేలు తానై వచ్చువరకు కూర్చుండవలెను. చెవులు పట్టి ఎత్తరాదు. కరచినచో గాయమును సబ్బుతో, పారునీటితో కడిగి వైద్యునికి చూపవలెను. ఆ సాయంకాలము కుందేలు గడ్డి కుందేలుకు యథాప్రకారము వేయవలెను.